తొమ్మిదో ముద్ర

ఏప్రిల్ 9

వదినగారికి నమస్కారం.

ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి రాసి పంపమన్నారు. ఫోనులో నేను "ఆ", "ఊ" తప్ప మాట్లాడనని మీ ఫిర్యాదు. నిజమే. మోకాలి ఆపరేషన్ వల్ల మీరు రాలేకపోయారు. అన్నయ్యగారు వచ్చారు గానీ ఏమీ అడగలేదు. అందుకని రాస్తున్నాను.

అది నడకలో ఆరో రోజు. ఆఖరి రోజు. సముద్రం ఒడ్డున ఉన్న తొమ్మిది ఊళ్ళలో ఎనిమిది అయిపోయాయి. ఎనిమిదో ఊళ్ళో మేము దిగిన గది పడవలు బాగుచేసే షెడ్డు పైన. ఉదయం ఏడింటికి లేచాం. మీ చెల్లెలి ఎడమ మడమ మీద రెండు పొక్కులున్నాయి. దూది పెట్టి టేపు చుట్టుకుంది. రొట్టె, రెండు గుడ్లు ఇచ్చారు. ఒకటిన్నర తింది.

ఎనిమిదీ నలభైకి బయలుదేరాం. పదకొండు కిలోమీటర్లు. మొదటి భాగం గులకరాళ్ళ ఒడ్డు. తర్వాత దీపస్తంభం. అక్కడ నీడలో కూర్చుని భోంచేశాం. ఆమె బూట్లు విప్పి కాళ్ళు గడ్డి మీద పెట్టుకుంది. ఆ తర్వాత ఎక్కుడు. ఎక్కుడు చివర పశువులు దాటకుండా ఒక చెక్క గేటు ఉంటుంది. అది దాటితే కొండ అంచున సన్నటి బాట, ఆపైన దిగుడు, తొమ్మిదో ఊరు. గాలి సముద్రం వైపు నుంచి కొడుతోంది. మీరు కుట్టిచ్చిన ఆకుపచ్చ కోటు వేసుకుని ఉంది.

నాలుగింటికి కొద్దిగా ముందు చేరాం. పడవల రేవు దగ్గర ఒక టీ కొట్టు ఉంది. ఈ నడకలో ప్రతి ఊళ్ళోనూ ఒక పెట్టె, అందులో ఆ ఊరి రబ్బరు ముద్ర ఉంటాయని మీకు ఆమె చెప్పే ఉంటుంది. ఎవరి పుస్తకంలో వాళ్ళు వేసుకోవాలి. తొమ్మిదో ఊరి పెట్టె ఆ టీ కొట్టు వసారాలో ఉంది. ముద్రలు వేసుకున్నాం. బయట బెంచీ మీద కూర్చున్నాం. అలసటగా ఉందని నా భుజం మీద తల వాల్చింది. నిద్రపోయిందనుకున్నాను. టీ చల్లారిపోయింది. లేపితే లేవలేదు. డాక్టరు వచ్చి గుండె అన్నాడు. బాధపడి ఉండదని కూడా అన్నాడు.

ఇంతే.

మోకాలికి చెప్పిన వ్యాయామాలు మానకండి.

ఉంటాను.

—

ఏప్రిల్ 16

మరిదీ,

నీ ఉత్తరం అందింది. మీ తూనికల ఆఫీసుకి పంపే రిపోర్టులా ఉంది. ఎన్ని గుడ్లు తిందో రాశావు, నువ్వు ఏడ్చావో లేదో రాయలేదు. ముప్ఫై ఏళ్ళు కొట్టుకొట్టుకీ తిరిగి కాటాలకి సీళ్ళు వేసిన చేతికి అంతకంటే ఏం వస్తుందిలే. కోప్పడకు, వదినని కాబట్టి అంటున్నాను.

మీ తోడల్లుడికి చదివి వినిపించాను. ఆయన చెవి సంగతి తెలుసుగా. గట్టిగా చదివితే వీధి మొత్తం వింది, ఆయనొక్కడే వినలేదు. చివరికి ఉత్తరం లాక్కుని తనే చదువుకున్నాడు. చదివి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఒక మాట చెప్తాను విను. ఈ నడకకి దాన్ని వెళ్ళమని పోరు పెట్టింది నేను. "పొట్టిదానా, ఎప్పుడూ ఆ వంటింట్లోనేనా, నడువు, ఒళ్ళు తేలికవుతుంది" అని ఆర్నెల్లు సతాయించాను. అది "నా వల్ల కాదే అక్కా, ఆయనతో సమానంగా నడవాలంటే నాకు చక్రాలు పెట్టించాలి" అని నవ్వేది. కోటు కుట్టి చేతిలో పెడితే ఇక కాదనలేకపోయింది. ఇన్నాళ్ళూ మంచం మీద పడుకుని నేనే దాన్ని చంపానని అనుకుంటున్నాను. నీ ఉత్తరం చదివాక ఊపిరాడింది. నడక పూర్తిచేసింది. నీ భుజం మీద పోయింది. ఒంటరిగా పోలేదు. అది చాలు నాకు.

చివర్న ఏమంది? అది రాయడం మర్చిపోయావు. ఆ కోటూ, ముద్రల పుస్తకమూ నీకు అక్కర్లేకపోతే నాకు పంపు. ఊరికే దగ్గర పెట్టుకుంటాను.

వేళకి తింటున్నావా? తింటున్నానని రాస్తే నమ్మను. ఏం తిన్నావో రాయి.

నీ వదిన

—

ఏప్రిల్ 22

వదినగారికి,

పార్సెల్ పంపాను. కోటు, పుస్తకం, ఒక జత సాక్సులు ఉన్నాయి. కోటు ఉతకలేదు. ఉతకడానికి మనసు రాలేదు.

చివర్న ఏమీ అనలేదు. అలసటగా ఉందని మాత్రమే అంది.

మీరు పోరు పెట్టడం వల్ల ఏమీ జరగలేదు. ఆ ఆలోచన వదిలేయండి.

నిన్న అన్నం, పప్పు. మొన్న అదే.

ఉంటాను.

—

మే 3

మరిదీ,

పార్సెల్ వచ్చింది. ముందు పుస్తకం సంగతి. ఒకే రాత్రిలో మూడుసార్లు చదివాను. ప్రతి ముద్ర పక్కనా అది ఒక వాక్యం రాసుకుందని నువ్వు చెప్పలేదేం? రెండో ఊళ్ళో పీత బొమ్మ ముద్ర పక్కన "ఈ ఊరి పిల్లి మా ఆయన కంటే ఎక్కువ మాట్లాడుతుంది" అని రాసింది. ఐదో ఊళ్ళో "మెట్లు రెండు వందల పన్నెండట. ఆయన లెక్క. నేను నూట యాభై దగ్గర తప్పిపోయాను." ఎనిమిదో ఊళ్ళో చూడు: "ఈ ఐదు రోజుల్లో సముద్రం కంటే ఈయన వీపే ఎక్కువ చూశాను." నవ్వి నవ్వి ఏడ్చాను. షాపుకొచ్చిన వాళ్ళందరికీ చదివి వినిపించాను. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన టీచరుగారైతే కొలతలు మర్చిపోయి వెళ్ళిపోయింది.

తొమ్మిదో దాని పక్కన ఏమీ రాయలేదు. ఎందుకని?

రెండోది కోటు. నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను, బట్టని చూస్తే అది వేసుకున్న మనిషి ఏం చేసిందో చెప్పగలను. ఎడమ మోచేయి చిరిగింది. లైనింగ్ దాకా చిరిగింది. ఎడమ భుజం నుంచి కింది అంచు వరకూ మట్టి ఎండిపోయి ఉంది, గడ్డిగింజలు గుచ్చుకుని ఉన్నాయి. వెనక వైపు మాత్రం శుభ్రంగా ఉంది. బెంచీ మీద కూర్చున్న మనిషి కోటు ఇలా ఉండదు మరిదీ. నేనేమీ అనుకోను. ఉన్నది చెప్పు.

ఇంకో సంగతి. పుస్తకం వెనక అట్ట మీద, తొమ్మిది ముద్రలూ పూర్తయితే కాలిబాట సంఘానికి పంపండి, పత్రం ఇస్తారని ఉంది. పంపేశాను. దాని పేరుతో పత్రం వస్తే గోడకి పెట్టుకుంటాను. దానికి స్కూల్లో కూడా ఒక్క బహుమతీ రాలేదు పాపం.

నీ వదిన

—

మే 8

వదినగారికి,

తొమ్మిదో ముద్ర వేసేసరికి ఆమె పెన్నులో ఇంకు అయిపోయింది. అందుకని రాయలేదు.

మోచేయి దగ్గర కంచె తీగకి పట్టుకుని చిరిగింది. మట్టి ఎక్కుడులో జారినప్పుడు అంటింది. పెద్దగా జారలేదు.

పుస్తకం సంఘానికి పంపకుండా ఉంటే బాగుండేది. వెనక్కి తెప్పించగలరేమో చూడండి. అది ఇంట్లో ఉండవలసిన వస్తువు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. నేను బాగానే ఉన్నాను.

ఉంటాను.

—

మే 20

మరిదీ,

పెన్నులో ఇంకు అయిపోయిందా? అది సంచీలో రెండు పెన్నులు, ఒక పెన్సిలు లేకుండా కూరగాయలకి కూడా వెళ్ళదు. ఎవరికి చెప్తున్నావు?

నాకు అర్థమైపోయింది. నువ్వు చెప్పవు గనక నేనే చెప్తాను.

అది బాట మీదే పడిపోయింది. ఎడమ పక్కకి. కోటు చెప్తోంది. అప్పటికే ప్రాణం పోయిందో, పోబోతోందో. నువ్వు దాన్ని ఎత్తుకున్నావు. మోసుకుంటూ దిగుడు దిగి ఆ ఊరు చేర్చావు. ఎనిమిదూళ్ళు నడిచిన మనిషి తొమ్మిదోది చూడకుండా పోకూడదని. చేరాక దాని పుస్తకంలో ముద్ర నువ్వే వేశావు. అందుకే పక్కన రాత లేదు. ఇదంతా చెప్పుకోవడం నీకు రాదు. గొప్ప చెప్పుకున్నట్టుంటుందని బెంచీ కథ రాశావు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నిన్ను చూస్తున్నాను, ఆ మాత్రం తెలియదా?

నిన్ను ముంగి అని ఎన్నిసార్లు ఆటపట్టించానో. సిగ్గుగా ఉంది. క్షమించు.

మీ తోడల్లుడితో చెప్పాను, ఈసారి మొదటిసారికే వినిపించింది. "అరవై రెండేళ్ళ వయసులో, ఆ కొండ మీద నుంచా?" అని నోరు తెరిచాడు. షాపులో అందరికీ చెప్పాను. పత్రం వచ్చింది, ఫ్రేము కట్టించాను. ఆ సంఘం కార్యదర్శికి కృతజ్ఞతలు రాస్తూ ఈ సంగతీ రాశాను. ఆవిడ వెంటనే జవాబిచ్చింది. వాళ్ళ వార్షిక సంచికలో వేస్తారట. మీ ఇద్దరి గురించి నాలుగు మాటలు రాసిన పలకొకటి తొమ్మిదో ఊరి రేవు దగ్గర పెడతారట. నీ ఫోటో కావాలంది. పెళ్ళినాటిది కాకుండా ఏదైనా ఉంటే పంపు, అందులో నువ్వు ఎవరినో కొట్టడానికి వెళ్తున్నట్టుంటావు.

పలక పెట్టే రోజు మోకాలు మొరాయించినా వస్తాను.

నీ వదిన

—

మే 27

వదినగారికి,

నేను మోయలేదు.

నేను అక్కడ లేను. మొదటి ఉత్తరంలో మధ్యాహ్నం భోజనం వరకూ రాసింది నిజం. ఆ తర్వాతది అబద్ధం.

నాలుగున్నరకి వెనక్కి బస్సు. ముద్రల పెట్టెకి నాలుగింటికి తాళం వేస్తారు. ఎక్కుడు పైన చెక్క గేటు దగ్గర ఆమె "కాస్త ఆగండి" అంది. గేటు కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. నేను "నేనాగితే బస్సు ఆగదు" అన్నాను. "అయితే మీరు వెళ్ళండి, నేను మెల్లగా వస్తాను" అంది. వెళ్ళాను. అప్పుడు మూడూ ఇరవై. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ ఆరు రోజులూ నేను ముందు నడిచేవాణ్ని. దూరం ఎక్కువైతే ఏదో ఒక రాయి మీద కూర్చుని ఎదురుచూసేవాణ్ని. ఆమె వచ్చేసరికి నా అలసట తీరిపోయేది. ఆమె రాగానే లేచి నడిచేవాణ్ని. నేను ఆగిన ప్రతిసారీ విశ్రాంతి నాకే దక్కింది. ఆమెకి ఒక్కసారి కూడా దక్కలేదు. అప్పుడు ఇది నాకు తట్టలేదు. ఓపికగా ఎదురుచూస్తున్నానని అనుకున్నాను. ఎనిమిదో ముద్ర పక్కన ఆమె రాసినది మీరు సరదాగా చదివారు. ఆమె కూడా సరదాగానే రాసి ఉంటుంది. నేను చదవలేకపోతున్నాను.

మూడూ యాభైకి టీ కొట్టుకి చేరాను. పుస్తకాలు రెండూ నా సంచీలోనే ఉన్నాయి, ఆమె పారేసుకుంటుందని. కొట్టాయన తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు.

"రెండో పుస్తకం ఎవరిదండీ?"

"మా ఆవిడది. వస్తోంది."

"వస్తోందంటే కుదరదండీ. ఎవరిది వాళ్ళే వేసుకోవాలి."

"మలుపు దగ్గరే ఉంది. చూశాను."

చూడలేదు. వేశాను. వదినగారూ, ఎదురుగా పెట్టి తూచి చూడని కాటాకి సీలు వేసినందుకు నా కింద పనిచేసిన ఇద్దరిని నేను సస్పెండ్ చేయించాను. వాళ్ళలో ఒకతను కాళ్ళు పట్టుకున్నాడు. "చూడకుండా వేసే సీలు దొంగతనంతో సమానం" అని అతనికి ఉపన్యాసం ఇచ్చాను.

తర్వాత టీ తాగాను. రెండో టీ కూడా తాగాను. నాలుగున్నరకి బస్సు నా ముందు నుంచే వెళ్ళిపోయింది. ఆమె రాగానే ఏమనాలో మూడు మాటలు సిద్ధం చేసుకున్నాను. అవేమిటో ఇప్పటికీ గుర్తున్నాయి. రాయను.

నాలుగూ నలభైకి ఒకతను సైకిలు మీద వచ్చాడు. "ఆకుపచ్చ కోటు వేసుకున్నావిడ మీ మనిషేనా?" అని అడిగాడు. నేను "ఏం చేసింది?" అన్నాను. నా నోటి నుంచి వచ్చిన మాట అదే.

గేటుకీ ఊరికీ మధ్య, బాట కింద వలలు ఉంచుకునే షెడ్డు ఉంది. దాని ముందు ఆమె పడిపోయింది. వలలు బాగుచేసే ఒక ఆవిడ తన ఒళ్ళో తల పెట్టుకుని కూర్చుని ఉంది. అంత సేపూ ఆవిడే ఉంది. సైకిలు మనిషిని పంపింది కూడా ఆవిడే. నేను వెళ్ళేసరికి ప్రాణం పోయి పది నిమిషాలైందని చెప్పింది. "మీ ఆవిడ మాట్లాడిందయ్యా. ఏమందో చెప్పనా?" అంది. నేను "తర్వాత" అన్నాను. ఆ తర్వాత ఆవిడ వైపు చూడలేదు. పేరు కూడా అడగలేదు.

నేను పక్కనున్నా బతికేది కాదేమోనని డాక్టరు అన్నాడు. ఆ మాట నాకు ఉపయోగపడటం లేదు.

సంఘానికి ఉత్తరం రాశాను. ఆ తొమ్మిదో ముద్ర చెల్లదు, వేసింది నేను, పత్రం రద్దు చేయండి, సంచికలో ఏమీ వేయవద్దు, పలక పెట్టవద్దు అని. నకలు దీనితో పంపుతున్నాను.

మీకు మొదటి ఉత్తరంలో అబద్ధం ఎందుకు రాశానంటే, సగం మీ కోసం. సగం అని రాశాను గానీ, అంత కూడా ఉండదు.

—

జూన్ 10

మరిదిగారికి,

పదిరోజులకు పైగా మిషను తొక్కలేదు. మీ ఉత్తరం అందిన రోజున ఆయన ఏమిటని అడిగితే చేతికిచ్చేశాను. చదివి మడిచి ఇచ్చారు.

మీరు మోసుకొచ్చారని షాపులో నలభై మందికైనా చెప్పి ఉంటాను. ఇప్పుడు వాళ్ళందరికీ కాదని చెప్పాల్సింది నేనే. చెప్తున్నాను. నిన్న టీచరుగారికి చెప్పాను. రేపు ఎదురింటివాళ్ళకి. ఒక్కొక్కరికీ చెప్తుంటే ప్రతిసారీ అది మళ్ళీ ఆ గేటు దగ్గర నిలబడుతోంది. పత్రం గోడ మీద నుంచి తీసి సంఘానికి తిప్పి పంపాను. మేకు అలాగే ఉంది.

నా మీద నాకూ కోపంగానే ఉంది. పొమ్మని పోరింది నేనే కదా. ఇప్పుడు ఆ కోపాన్ని మీ మీదికి తోసేస్తే నాకు హాయిగా ఉంటుంది. అలా చేయకూడదని చూస్తున్నాను. కుదరడం లేదు.

మిమ్మల్ని తిట్టడానికి రాయడం లేదు. ఒకటి అడగడానికి రాస్తున్నాను.

నా చెల్లెలి ఆఖరి మాట ముక్కూ మొహం తెలియని ఒకావిడ దగ్గర రెండున్నర నెలలుగా పడి ఉంది. చెప్తానంటే మీరు వద్దన్నారు. ఆవిడ పెద్దవయసు మనిషో, మతిమరుపు మనిషో, ఊరు మారిపోయే మనిషో మీకు తెలియదు, నాకూ తెలియదు. వెళ్ళి అడగండి. మీ గురించే అయినా సరే, తిట్టే అయినా సరే. మీరు వెళ్ళకపోతే నేను కుంటుకుంటూనైనా వెళ్తాను. అప్పుడు ఆ మాట నా దగ్గర ఉంటుంది. మీకు మాత్రం చెప్పను.

అది పొట్టిది. మీ వెనక పరుగెత్తాలంటే ఒక అడుగుకి రెండు వేయాలి. ఆ సంగతి పెళ్ళిలోనే చెప్పాను మీకు. నవ్వారు.

ఇట్లు,
పొట్టిదాని అక్క

—

జూన్ 14

వదినగారికి,

మీ ఉత్తరం నిన్న అందింది. మీరు రాసినవేవీ ఎక్కువ కావు.

మీకు రాయని సంగతి ఇంకొకటి ఉంది. నేను ఆ ఊరికి బయలుదేరడం ఇది మొదటిసారి కాదు. మే నెలలో రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మొదటిసారి వాన పడుతోందని. రెండోసారి వాన కూడా లేదు. టికెట్టు తీసుకుని, బస్సు మెట్టు మీద కాలు పెట్టి దిగిపోయాను. కండక్టరు "ఎక్కుతారా, ఎక్కరా?" అని అడిగాడు. వెనక ఉన్నవాళ్ళకి దారి ఇచ్చాను.

ఆమె ఏమందో తెలుసుకోవడానికి భయమని అనుకునేవాణ్ని. అది మాత్రమే కాదు. ఆ వలలు బాగుచేసే ఆవిడ నన్ను చూసింది. చనిపోయిన భార్య దగ్గరికి టీ కొట్టు నుంచి వచ్చిన మనిషిని చూసింది. ఆ ముఖం మళ్ళీ ఆవిడకి చూపించాలంటే సిగ్గు. రెండున్నర నెలలు నా సిగ్గుని కాపాడుకోవడానికి మీ చెల్లెలి మాటని అక్కడే వదిలేశాను. నిన్నటి దాకా ఇది ఇలా వాక్యంగా నాకు అర్థం కాలేదు.

నిన్న సాయంత్రం టీ కొట్టుకి ఫోను చేశాను. నేనెవరో చెప్పాను. ఆ రోజు మలుపు దగ్గర ఎవరినీ చూడలేదని కూడా చెప్పాను. కొట్టాయన "ఆ మర్నాడే తెలిసిందండీ" అన్నాడు. వలలావిడ ఇంకా అదే షెడ్డులో పనిచేస్తోందట. పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా ఉంటుందట. మనిషి కాస్త దురుసుగా మాట్లాడుతుంది, ఏమీ అనుకోవద్దని చెప్పాడు.

మీరు కావాలనుకుంటే మీ చెల్లెలి మాట మీకే నేరుగా ఆవిడ చేత చెప్పిస్తాను. షెడ్డు దగ్గర ఫోను అందుతుందో లేదో తెలియదు. అందకపోతే కాగితం మీద రాసుకుంటాను. ఆవిడ ఎలా చెబితే అలా. ఒక్క అక్షరం మార్చను. రాసింది ఆవిడకే చదివి వినిపించి, సరిగ్గా ఉందంటేనే మీకు పంపుతాను.

రేపు ఉదయం ఆరూ పదికి బస్సు. ఎక్కుతాను. తొమ్మిదో ఊళ్ళో దిగి, టీ కొట్టు దగ్గర ఆగకుండా షెడ్డు దాకా నడుస్తాను. ఆవిడ పేరు అడుగుతాను. నా పేరు, నేనెవరినో చెప్తాను. ఆవిడ చెప్పడం అయిపోయేదాకా అక్కడే కూర్చుంటాను.